సమ్మతి పత్రంలో సర్కారు గొంతు

చట్టాన్ని సాహిత్య విమర్శకులు చదవటమేమిటని కొందరికి అనిపించవచ్చు. చట్టం వకీళ్ళ సొత్తు, మనం కథలూ కవిత్వమూ చూసుకుంటే చాలు అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. కాని చట్టం కూడా రచనే. దానికి రచయిత ఉంటాడు, ఉద్దేశించిన పాఠకులుంటారు, ఏరుకున్న మాటలుంటాయి, కావాలని వదిలేసిన మాటలూ ఉంటాయి. కథ చదివేటప్పుడు ఇది ఎవరి గొంతు, ఎవరి ప్రయోజనం కోసం మాట్లాడుతోంది అని అడగటం మనకు అలవాటు. అదే ప్రశ్న చట్టాన్నీ అడగవచ్చు. అందులోనూ, ఒకరు రాసి, రెండోవారి నోట పలికించి, మూడోవారు విని తీరాలని శాసించే చట్టం ఉంటే, దాన్ని చదవటం అచ్చంగా విమర్శకుల పనే.

గర్భస్రావానికి ముందు స్త్రీ నుంచి ‘విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి’ తీసుకోవాలంటూ అమెరికా రాష్ట్రాల్లో వచ్చిన చట్టాలు సరిగ్గా అలాంటివి. రాసేది శాసనసభ, చదివేది డాక్టరు, వినేది స్త్రీ. సంతకం మాత్రం ఆమెది. ఈ చట్టాల మీద అక్కడ దాదాపు యాభై ఏళ్ళుగా వివాదం నడుస్తోంది. ఇందులో మనకు ముఖ్యమైనది ఒకటే: రోగిని పెద్దల అధికారం నుంచి కాపాడటానికి పుట్టిన మాట, రోగి మీద అధికారం చెలాయించే సాధనంగా ఎట్లా మారింది?

ముందు ఆ మాట పుట్టుక చూడాలి. 1914లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఒక కేసు వచ్చింది. మత్తు ఇచ్చి పరీక్ష చెయ్యటానికి మాత్రమే ఒప్పుకున్నాననీ, శస్త్రచికిత్స వద్దని స్పష్టంగా చెప్పాననీ, అయినా తన కడుపులోని కణితిని తీసేశారనీ ఒక స్త్రీ ఆసుపత్రి మీద దావా వేసింది. ధర్మాసుపత్రి కాబట్టి బాధ్యత లేదని కోర్టు ఆమె కేసు కొట్టేసింది. అయితే బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి వయోజనునికీ తన శరీరాన్ని ఏం చెయ్యాలో నిర్ణయించుకునే హక్కుందని అదే తీర్పులో న్యాయమూర్తి కార్డోజో రాశాడు. ఆమె ఓడిపోయింది, ఆమె వల్ల పుట్టిన సూత్రం నిలిచింది. అంటే ఈ సూత్రానికి మూలం ఒక స్త్రీ ‘వద్దు’ అనటం, ఆ మాటను పెద్దలు లెక్కచెయ్యకపోవటం.

తర్వాతి చరిత్ర ఇంకా భయంకరమైనది. నాజీ డాక్టర్లు మనుషుల మీద చేసిన ప్రయోగాల విచారణ ముగిసిన 1947లో న్యూరెంబర్గ్ సూత్రావళి వచ్చింది. దాని మొదటి సూత్రం స్వచ్ఛందమైన సమ్మతి. ‘విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి’ అనే పదబంధం 1957లో కాలిఫోర్నియా కోర్టు తీర్పుతో చట్ట పరిభాషలో స్థిరపడింది. అలబామా రాష్ట్రం టస్కీగీలో, సుఖవ్యాధి సోకిన పేద నల్లజాతి పురుషులకు వైద్యం అందించకుండా, జబ్బు ఎట్లా ముదురుతుందో చూడటానికి ప్రభుత్వ ఆరోగ్యశాఖ 1932 నుంచి 1972 దాకా వాళ్ళను గమనిస్తూ కూర్చున్న సంగతి బయటపడ్డాక ఆ మాటకు మరింత బరువు వచ్చింది. ఈ చరిత్ర అంతటా సమ్మతి అనేది కిందివాడి చేతిలోని డాలు. ఎదుట ఉన్నది డాక్టరు, జైలు అధికారి, ప్రభుత్వం.

1973లో అమెరికా సుప్రీంకోర్టు రో కేసులో గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. నేరుగా నిషేధించటానికి దారి మూసుకుపోయిన ప్రత్యర్థులు పక్కదారులు వెతికారు. వాటిలో తెలివైనది ఇది. 1978లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరపాలక సంస్థ ఒక శాసనం చేసింది. డాక్టరు గర్భిణికి పిండం రూపురేఖలు వర్ణించాలి, గర్భస్రావం వల్ల కలగగల ఉపద్రవాలన్నీ ఏకరువు పెట్టాలి, గర్భం దాల్చిన క్షణం నుంచే అది మానవప్రాణి అని చెప్పాలి, ఆ తర్వాత 24 గంటలు ఆగాలి. 1983లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. దీని ఉద్దేశం తెలియజెప్పటం కాదు, మనసు విరిచెయ్యటం అని ఆ తీర్పు గ్రహించింది. 1986లో పెన్సిల్వేనియా చట్టానికీ అదే గతి పట్టింది.

1992లో కేసీ కేసు వచ్చేసరికి న్యాయమూర్తులు మారారు, గాలి మారింది. పెన్సిల్వేనియా మళ్ళీ తెచ్చిన దాదాపు అలాంటి చట్టాన్నే కోర్టు ఈసారి సమర్థించింది. నిజమూ, తప్పుదారి పట్టించనిదీ అయిన సమాచారం ద్వారా ప్రభుత్వం ప్రసవం వైపు మొగ్గుతూ స్త్రీకి నచ్చజెప్పవచ్చునంది. భర్తకు తెలియజెయ్యాలన్న నిబంధనను మాత్రం కొట్టేసింది. భార్యను కొట్టే భర్తలున్నారనీ, తెలియజెయ్యమంటే ఆ స్త్రీలు భయంతో వెనకాడతారనీ కోర్టు చక్కగా వివరించింది. భర్త అనే పెత్తందారును గుర్తుపట్టిన కోర్టు, ప్రభుత్వం అనే పెత్తందారును హితైషి అనుకుంది. ఇంట్లో ఉన్న పితృస్వామ్యం కనపడింది. అసెంబ్లీలో కూర్చున్నది కనపడలేదు.

ఇక ఈ రచనల్ని రచనలుగా చూద్దాం.

మొదట కర్తృత్వం. ఒక రాష్ట్రపు చట్టాన్నీ మరో రాష్ట్రపు చట్టాన్నీ పక్కపక్కన పెడితే వాక్యాలు ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టుంటాయి. కారణముంది. ‘అమెరికన్స్ యునైటెడ్ ఫర్ లైఫ్’ వంటి సంస్థలు నమూనా బిల్లులు రాసి రాష్ట్రాల శాసనసభ్యులకు అందిస్తాయి. సభ్యుడు రాష్ట్రం పేరు మార్చి ప్రవేశపెడతాడు. డాక్టరు నోటినుంచి వెలువడే ఆ వాక్యాన్ని డాక్టరు రాయలేదు, రోగి కోరలేదు, చాలాచోట్ల ఆ శాసనసభ్యుడు కూడా రాయలేదు. వైద్యుని తెల్లకోటు తొడుక్కుని ప్రచారకుడు మాట్లాడుతున్నాడు. ఆ కోటు మీద రోగికుండే నమ్మకమే ఇక్కడ పెట్టుబడి.

రెండోది పదజాలం. వైద్యశాస్త్రం పిండం అంటుంది, పెన్సిల్వేనియా చట్టం ‘పుట్టని బిడ్డ’ అంటుంది. ఎన్ని వారాల గర్భమో చెప్పటం వైద్యుని ధర్మమే. కాని ‘మీ పుట్టని బిడ్డ వయసు ఇంత’ అనటంలో వాదన అంతా ముగిసిపోయింది. దక్షిణ డకోటా 2005లో ఇంకో అడుగు వేసింది. గర్భస్రావం అంటే ఒక సంపూర్ణమైన, వేరైన, సజీవమైన మానవప్రాణి జీవితాన్ని అంతం చెయ్యటమని డాక్టరు రాతపూర్వకంగా చెప్పాలంది. ఇది వైద్య సమాచారమా? తత్వవేత్తలూ మతాచార్యులూ శతాబ్దాలుగా తేల్చుకోలేని ప్రశ్నకు ఓట్లు లెక్కపెట్టి సమాధానం తేల్చి, దాన్ని డాక్టరు చీటీ మీద రాయించారు. సిద్ధాంతాన్ని సమాచారమనే పేరుతో చెలామణి చెయ్యటం పాలకవర్గ రచనలన్నిటికీ ఉన్న లక్షణమే. మన పాఠ్యపుస్తకాల్లో చూడలేదా?

మూడోది సత్యం. టెక్సస్ రాష్ట్రం 2003లో ఒక చట్టం తెచ్చింది. దాని పేరూ, దాని కింద అచ్చు వేసిన పుస్తకం పేరూ ఒకటే: ‘స్త్రీకి తెలుసుకునే హక్కు’. గర్భస్రావం వల్ల రొమ్ము కాన్సరు ముప్పు పెరగవచ్చునన్న ప్రస్తావన అందులో చేరింది. అదే 2003లో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ పిలిచిన నిపుణుల సమావేశం అటువంటి సంబంధం లేదని తేల్చింది. దక్షిణ డకోటా చట్టం ఆత్మహత్య ముప్పు పెరుగుతుందని చెప్పమంది. రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 23 రాష్ట్రాల పుస్తకాలను పరిశీలించి, పిండం ఎదుగుదల గురించిన వాక్యాల్లో దాదాపు మూడోవంతు వైద్యశాస్త్ర రీత్యా సరికావని 2016లో ప్రకటించారు. నిజం చెప్పవచ్చునని కోర్టు ఇచ్చిన అనుమతి చేతికి రాగానే అబద్ధానికి తలుపు తెరుచుకుంది.

నాలుగోది మౌనం. రచనలో చెప్పని విషయం చెప్పిన దానికన్నా ఎక్కువ చెబుతుందని మనకు తెలుసు. బిడ్డను కంటే తండ్రి పోషణఖర్చు ఇవ్వాల్సి ఉంటుందనీ, ప్రభుత్వ సహాయం దొరకవచ్చుననీ పెన్సిల్వేనియా చట్టం చెప్పిస్తుంది. ఆ దేశంలో కార్మిక స్త్రీలందరికీ జీతంతో కూడిన ప్రసూతి సెలవునిచ్చే జాతీయ చట్టం నేటికీ లేదన్న సంగతి చెప్పించదు. 1993 చట్టం ఇచ్చింది 12 వారాల జీతంలేని సెలవు, అదీ కొందరికే. పేదల వైద్యానికి కేంద్రం ఇచ్చే నిధులతో, బహుకొద్ది మినహాయింపులు తప్ప, గర్భస్రావం చెయ్యకూడదని 1976లో హైడ్ సవరణ వచ్చింది. అటు గర్భస్రావానికి డబ్బివ్వరు, ఇటు కన్నాక జీతమివ్వరు, మధ్యలో కరపత్రం ఉచితంగా ఇస్తారు.

ఐదోది కాలం. విన్న తర్వాత ఇన్ని గంటలు ఆగాలని చట్టం శాసిస్తుంది. చాలా రాష్ట్రాల్లో 24 గంటలు. దక్షిణ డకోటా 2011లో దాన్ని 72 గంటలు చేసి, 2013లో శని ఆదివారాలూ సెలవురోజులూ లెక్కలోకి రావంది. సెలవు పూట స్త్రీకి ఆలోచన సాగదని కాబోలు! కాగితం మీద 24 గంటలు అందరికీ సమానం. కూలి గంటల లెక్కన తీసుకునే స్త్రీకి అది రెండు రోజుల పని పోవటం, రెండుసార్ల దారిఖర్చు, ఇంట్లో పిల్లల్ని ఎవరికో అప్పగించటం, యజమానికో మొగుడికో ఏదో ఒక కారణం కల్పించి చెప్పటం. డబ్బున్న స్త్రీకి అది హోటల్లో ఒక రాత్రి. కేసీ కేసులో కింది కోర్టు సాక్ష్యాలు విని, పేద స్త్రీల మీద ఈ భారం ఎక్కువగా పడుతుందని తేల్చింది. పైకోర్టు ఆ సంగతి కలవరపరిచేదేనని ఒప్పుకుని కూడా చట్టాన్ని నిలబెట్టింది. వర్గం లేదనుకుని రాసిన వాక్యం ఎప్పుడూ పై వర్గానికే పనికొస్తుంది.

టెక్సస్ 2011లో తెచ్చిన స్కానింగ్ చట్టంలో ఈ లక్షణాలన్నీ ఒకచోట కూడాయి. డాక్టరు ముందురోజు స్కానింగ్ చేసి బొమ్మ చూపాలి, గుండె చప్పుడు వినిపించాలి, కనపడేదాన్ని నోటితో వర్ణించాలి. స్త్రీ కావాలంటే బొమ్మ నుంచి మొహం తిప్పుకోవచ్చు, చప్పుడు వద్దనవచ్చు. అత్యాచార బాధితులకూ, మరికొందరికీ మినహాయిస్తే, వర్ణన మాత్రం వద్దనటానికి లేదు. వద్దన్నా వినిపించేదాన్ని సమాచారమనరు. ఉత్తర కరోలినా తెచ్చిన అలాంటి చట్టాన్ని 2014లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టివేసింది. కెంటకీ చట్టాన్ని 2019లో మరో అప్పీలు కోర్టు సమర్థించింది. 1914లో ఒక స్త్రీ ‘వద్దు’ అన్నదాన్ని డాక్టరు వినలేదు. వందేళ్ళు తిరిగేసరికి డాక్టరు వినదలిచినా చట్టం విననివ్వలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని న్యాయంగా ఎదుర్కోవాలి. ప్రజలకు తెలియజెప్పటమే మన ఉద్యమ ధ్యేయం కదా, ఎక్కువ తెలియటం ఎప్పుడు చెడ్డదవుతుంది, కొందరు స్త్రీలు తర్వాత బాధపడరా అని అడగవచ్చు. బాధపడేవాళ్ళు ఉంటారు. పెళ్ళి గురించీ, ఉద్యోగం గురించీ, పిల్లల్ని కనటం గురించీ కూడా బాధపడేవాళ్ళు ఉంటారు. 2007లో సుప్రీంకోర్టు మరో కేసులో, నమ్మదగిన లెక్కలు లేవని ఒప్పుకుంటూనే, కొందరు స్త్రీలు పశ్చాత్తాపపడతారని చెప్పి ఒక నిషేధాన్ని సమర్థించింది. ఆ లెక్కలు ఆ తర్వాత వచ్చాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ పరిశోధకులు గర్భస్రావం కోరి వచ్చిన సుమారు వెయ్యిమంది స్త్రీలను ఐదేళ్ళపాటు పలకరిస్తూ వచ్చారు. గర్భస్రావం చేయించుకున్నవాళ్ళలో 95 శాతానికి పైగా తమ నిర్ణయం సరైనదేనన్నారు. ఆలోచించకుండా వచ్చే మనిషి కోసం రాసిన ఈ చట్టాలు, అప్పటికే ఆలోచించి వచ్చిన మనిషి మీద అమలవుతాయి.

తెలియజెప్పటానికీ పాఠం అప్పజెప్పించటానికీ తేడా గుర్తుపట్టటం కష్టం కాదు. చెప్పేది నిజమా? అడిగిన మనిషికి అవసరమైనదా? వద్దంటే ఆపుతారా? తక్కిన చికిత్సలన్నిటికీ ఇదే పద్ధతి పాటిస్తారా? వినటానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ చట్టాలు ఈ ఐదు ప్రశ్నల్లో దేనికీ నిలకడగా జవాబు చెప్పలేవు. పెన్సిల్వేనియా చట్టం ప్రసవంలోని ముప్పును కూడా చెప్పమంటుంది, అది న్యాయమే. కాని ప్రసవానికి సిద్ధపడి వచ్చిన స్త్రీని కూర్చోబెట్టి, ఈ ముప్పులు విని 24 గంటలు ఆలోచించుకుని రమ్మనే చట్టం ఏ రాష్ట్రమూ చెయ్యలేదు.

న్యాయస్థానాల తూకం ఎటు మొగ్గిందో రెండు తీర్పులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. కేంద్రం కుటుంబనియంత్రణ నిధులు తీసుకునే క్లినిక్కుల్లో గర్భస్రావం గురించి సలహా చెప్పరాదన్న నిబంధనను 1991లో సుప్రీంకోర్టు సమర్థించింది. గర్భస్రావాన్ని వ్యతిరేకించే కేంద్రాలు కొన్ని కాలిఫోర్నియాలో ఉన్నాయి. ప్రభుత్వ పథకాల కింద ఏమేం దొరుకుతాయో ఒక బోర్డు పెట్టండి అని ఆ రాష్ట్రం శాసిస్తే, అది వాళ్ళ వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని 2018లో అదే కోర్టు 5-4 తేడాతో అంది. గర్భస్రావం చేసే డాక్టరు నోరు రాష్ట్రం తెరిపించవచ్చు, సలహా చెప్పేవాడి నోరు కేంద్రం మూయించవచ్చు. ఎదుటి పక్షం గోడకు మాత్రం కాగితం అంటించరాదు!

2022 జూన్ 24న డాబ్స్ తీర్పు రో, కేసీ తీర్పులు రెండిటినీ రద్దుచేసింది. టెక్సస్, దక్షిణ డకోటా వంటి రాష్ట్రాలు గర్భస్రావాన్నే నిషేధించాయి. అన్నేళ్ళు సమ్మతి గురించి అంత ఆర్భాటం చేసిన రాష్ట్రాలకు అవకాశం దొరగ్గానే సమ్మతితో పని తీరిపోయింది. ఆ మాట వాళ్ళకు నిచ్చెన మాత్రమేనని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. డాలస్, హ్యూస్టన్‌లలో కాపురముంటున్న మన తెలుగు ఆడపిల్లల మీదా ఆ నిషేధం ఉంది. వేరేచోట్ల పోరాటం సాగుతోంది. ప్రజలు ఓటువేసి రాష్ట్ర రాజ్యాంగాలు సవరించుకున్న ఒహాయోలో, మిషిగన్‌లో 24 గంటల నిరీక్షణను కోర్టులు 2024లో నిలిపివేశాయి. ప్రచారకులు మాత్రం కొత్త శ్రోతల్ని వెతుక్కున్నారు. పిండం ఎదుగుదల మీద వీడియో బడిపిల్లలకు చూపాలని ఉత్తర డకోటా 2023లో, టెనెసీ 2024లో చట్టం చేశాయి. ఆసుపత్రి గదిలోంచి పాఠం తరగతిగదికి మారింది.

దీనికి ఎదురుగా పెట్టదగిన పుస్తకం కూడా ఆ దేశంలోనే పుట్టింది. 1970లో బోస్టన్ నగరంలో కొందరు స్త్రీలు, డాక్టర్లు తమకు చెప్పని సంగతులు తామే వెతికి, తమ అనుభవాలు కలబోసుకుని చవక కాగితం మీద ఒక పుస్తకం వేశారు. 1973లో అది ‘అవర్ బాడీస్ అవర్‌సెల్వ్స్’ పేరుతో పెద్ద ప్రచురణగా వచ్చింది. తెలుగులో 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ వరసలోదే. టెక్సస్ పుస్తకమూ ఇవీ మాట్లాడేది ఒకే శరీరం గురించి. అందులో ‘నువ్వు’ అని వేలు చూపే ప్రభుత్వముంది, వీటిలో ‘మనం’ అని చెప్పుకునే స్త్రీలున్నారు. అది సందేహాన్ని తప్పుగా చూసి నోరు మూయిస్తుంది. ఇవి సందేహాన్నే పేరుగా పెట్టుకోగలవు. తెలుసుకునే హక్కు అంటే ఏమిటో ఈ రెండు రకాల పుస్తకాలు పక్కపక్కన చదివినవాళ్ళకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇదంతా పరాయి దేశపు గొడవ అని తోసిపుచ్చటానికి మనకు వీల్లేదు. మన గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది. స్త్రీ సమ్మతి లేకుండా గర్భస్రావం చెయ్యరాదంది, మేజరు స్త్రీ విషయంలో మరెవరి సమ్మతీ అడగలేదు. చట్టం అడగని మొగుడి సంతకాన్ని ఆసుపత్రులు అడుగుతూ ఉండటం అందరికీ తెలిసిన సంగతే. ఆ చట్టం కూడా స్త్రీకి హక్కు ఇవ్వలేదు, డాక్టరుకు అభిప్రాయం చెప్పే అధికారమిచ్చింది. కుటుంబనియంత్రణ విఫలమైతే అన్నచోట ‘వివాహిత, ఆమె భర్త’ అని రాసుకున్న మాట 2021లో గాని మారలేదు.

సమ్మతి అనే కాగితం మన దగ్గర ఏమయిందో ఖమ్మం జిల్లా చెబుతుంది. 2009లో భద్రాచలం ప్రాంతంతో సహా ఆ జిల్లాలో పదినుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు, చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకు, గర్భాశయ ముఖద్వార కాన్సరు నివారణ టీకా అధ్యయనం పేరుతో వేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టిన పత్రాలు రెండువేలకు పైగా తేలాయి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పోడు చేసుకునే తల్లికి తెలియకుండానే ఆమె సమ్మతి కాగితం మీద తయారైపోయింది.

అమెరికాలో స్త్రీకి వద్దన్నా వినిపించారు, ఇక్కడ అడిగేవాళ్ళకు సైతం చెప్పలేదు. రెండుచోట్లా పత్రం ఒకటే, సంతకం స్థలమూ ఒకటే, ఆ పత్రంలోని వాక్యం మరొకరిది. అందుకే విషయం తెలిసిన సమ్మతి అనే మాటను చట్టసభల్లో వాడుతున్నప్పుడల్లా అక్కడితో తృప్తిపడకూడదు. ఆ వాక్యం ఎవరు రాశారు, దాన్ని కాదనే దారి ఆమెకుందా అని అడగాలి. కాదనటానికి వీల్లేని చోట అవుననటానికి విలువ లేదు. దాన్ని సమ్మతి అనరు, హాజరుపట్టీ అంటారు.